కథ చెప్పమంటే ఎంత చెప్పాలి?

మా అవ్వ నన్నడిగిన ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. అప్పుడు నేను హోసూరులో ఉంటూ బి.కాం. చదువుతున్నాను. ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా మహాభారతం వచ్చేది. 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్ 24న ముగిసిన ఆ సీరియలు మొత్తం 94 భాగాలు. మా వీధిలో టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే. ఆ ఇంటి నడవలో చాపలు పరిచేవాళ్లు. ముందు పిల్లలు, వెనక ఆడవాళ్లు, గుమ్మం దగ్గర నిలబడి మగవాళ్లు. భారతం అందరికీ తెలుసు, హిందీ ఎవరికీ రాదు. తమిళనాడు సర్కారు బడుల్లో హిందీ చెప్పరు. నేను దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి రాష్ట్రభాష పరీక్ష దాకా కట్టి ప్యాసయినవాణ్ణి గనక వీధికంతటికీ దుబాసీనయ్యాను. నిజం చెప్పాలంటే ఆ సీరియలు హిందీలో సగం సంస్కృతమే. పితాశ్రీ, మాతాశ్రీ అని వాళ్లు పిలుచుకుంటుంటే మావాళ్లకు నా సాయం అవసరమే ఉండేది కాదు. అయినా నా పెద్దరికం నాకుండేది.

అవ్వ మాత్రం వచ్చేది కాదు. ఆమెకు రెండు కళ్లలోనూ పొరలు, మోకాళ్ల నొప్పులు. సీరియలు అయిపోయి నేను ఇంటికి రాగానే గడప దగ్గరే కూర్చోబెట్టుకుని కథ చెప్పమనేది. యుద్ధం దగ్గరపడుతున్న రోజుల్లో ఒక ఆదివారం కుంతి కర్ణుడి దగ్గరికి వెళ్లే ఘట్టం వచ్చింది. నాకు క్రికెట్టుకు వేళవుతోంది. "కుంతి కర్ణుడి దగ్గరికి పోయింది. నువ్వు నా కొడుకువే, పాండవుల వైపు వచ్చెయ్యి అంది. వాడు రానన్నాడు. అర్జునుణ్ణి తప్ప తక్కిన నలుగుర్నీ చంపనని మాటిచ్చాడు. అంతే" అన్నాను.

"అదంతా నాకు తెల్దా ఏమప్పా? ఆమె వచ్చినప్పుడు వాడు లేచి నిలబడినాడా, కూచునే మాట్లాడినాడా? అది చెప్పు" అంది అవ్వ.

నాకు గుర్తు లేదు. ముప్పావుగంట కళ్లార్పకుండా చూసినవాణ్ణి, ఆ ఒక్క సంగతి గమనించలేదు. ఏదో గొణిగి బయటపడ్డాను. 2020లో లాక్‌డౌన్ నాడు దూరదర్శన్ వాళ్లు ఆ సీరియలు మళ్లీ వేశారు కదా, అప్పుడైనా చూసి తెలుసుకోలేకపోయావా అని మా ఆవిడ అడిగింది. చూడలేదు. చూసి ఎవరికి చెప్పను?

అయితే ఉద్యోగంలో చేరాక భారతం వచనంలో చదివినప్పుడు ఆ చోటుకొచ్చి ఆగిపోయాను. ఉద్యోగపర్వంలో కుంతి గంగ ఒడ్డుకు వెళ్లేసరికి కర్ణుడు తూర్పుముఖంగా చేతులెత్తి జపం చేసుకుంటూ ఉంటాడు. ఆమె పిలవదు. అతని వెనక నిలబడుతుంది. ఎండ భరించలేక అతని ఉత్తరీయం నీడలోకి జరిగి, జపం అయ్యేదాకా అలాగే ఉంటుంది. పొద్దు నడినెత్తికొచ్చి వీపు కాలాక అతను వెనక్కి తిరిగి, ఆమెను చూసి చేతులు జోడిస్తాడు. పుట్టగానే పెట్టెలో పెట్టి ఏట్లో వదిలేసిన బిడ్డ పైబట్ట నీడన నిలబడ్డ తల్లి ఆమె. నేను అవ్వకు చెప్పిన నాలుగు వాక్యాల్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఈ నీడ తీసేస్తే మిగిలేది బేరం. మా బ్యాంకులో రోజూ జరిగేటటువంటిదే.

టీవీలో వచ్చిన ఒక భాగాన్ని చూడనివాళ్లకు చెప్పవలసి వచ్చినప్పుడు ఎంత వివరంగా చెప్పాలి? ఇది నీతికి సంబంధించిన ప్రశ్న అంటే నవ్వుతారు. అరపేజీ చాలు, రెండు పేజీలు దాటకూడదు అని నిడివి లెక్క చెప్పేవాళ్లే ఎక్కువ. నేను లెక్కల్లోనే బతికినవాణ్ణి. నిడివి పెట్టి దీన్ని తేల్చలేమని నా అనుభవం. పాస్‌బుక్కు పట్టుకొచ్చిన మనిషి "ఎంతుంది సార్?" అంటే నిల్వ ఒక్కటి చెబితే సరిపోతుంది. "నా డబ్బు ఎట్ల పోయింది సార్?" అంటే ప్రతి పద్దూ చదివి వినిపించాలి. పుస్తకం ఒకటే, ఖాతా ఒకటే. అడిగినదాన్ని బట్టి జవాబు మారుతుంది. అవ్వ అడిగింది పద్దులు. నేను నిల్వ చెప్పి చేతులు దులుపుకున్నాను.

మనకు ఈ విద్య కొత్తది కాదు. వారపత్రికల్లో సీరియలు నవలలు చదివిన తరం మాది. ప్రతి వారం మొదట్లో చిన్న అక్షరాలతో 'జరిగిన కథ' అని వేసేవాళ్లు. అది రాసిన అజ్ఞాత ఉపసంపాదకులకు ఎవరూ సన్మానం చేయలేదు గానీ, చేయదగినవాళ్లే. ఇరవై వారాల కథను పది పంక్తుల్లోకి దించేవాళ్లు. నవలను అనుభవింపజేయడం దాని పని కాదు. గుమ్మం దగ్గర నిలబడ్డవాణ్ణి చెయ్యిపట్టి లోపలికి తీసుకుపోవడమే. లోపల అసలు కథ ఉందన్న ధైర్యం దానికుంది. అందుకని అది ఎంత పొట్టిగా ఉన్నా తప్పులేదు. చిక్కల్లా అసలు కథ ఎన్నటికీ చూడలేనివాళ్లకు చెప్పేటప్పుడే. చూపు లేని అవ్వకు, భాష రానివాళ్లకు, ఆ రోజు ఆస్పత్రిలో ఉన్నవాళ్లకు మనం చెప్పినదే కథ. దాని వెనక మరొకటి లేదు. మనం వదిలేసింది వాళ్లకు లేనట్టే.

రాష్ట్రం వెలుపల పెరిగిన మన తెలుగువాళ్లకు ఈ సంగతి ఎక్కువ తెలుసనుకుంటాను. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, బడిలో ఒకటి, టీవీలో మరొకటి. ఆఫీసు నుంచి కన్నడంలోనో తమిళంలోనో వచ్చిన కాగితం ఇంట్లో పెద్దలకు చదివి చెప్పే పని పదేళ్ల పిల్లల మీద పడుతుంది. రెండు పేజీల నోటీసును ఆ పిల్లవాడు "ఏమీ లేదంట, డబ్బు కట్టమన్నారంట" అని తేల్చేస్తాడు. గడువు తేదీ ఎగిరిపోతుంది. దుబాసీతనం చేసిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఇలా ఎగరగొట్టినవాడే.

ముగింపు ముందే చెప్పేయడం పాపమని ఈకాలం వాళ్లు గట్టిగా నమ్ముతారు. మా అబ్బాయి ఏదైనా చూస్తున్నప్పుడు పక్కనున్నవాళ్లు నోరు జారితే యుద్ధమే. నాకు ఇందులో సగమే సమ్మతం. మనమంతా సంజయుణ్ణి క్రికెట్టు కామెంటరీ చెప్పేవాడిలా ఊహించుకుంటాం. సీరియల్లోనూ అలాగే చూపారు. వ్యాసుడు అలా రాయలేదు. సంజయుడు యుద్ధభూమి నుంచి పరుగున వచ్చి మొదట చెప్పేది భీష్ముడు పడిపోయాడని. అప్పటికి పది రోజుల యుద్ధం అయిపోయింది. ఆ తర్వాతే ధృతరాష్ట్రుడు ఎలా పడ్డాడు, పక్కన ఎవరున్నారు, నా కొడుకులు అప్పుడేం చేస్తున్నారని అడుగుతాడు. అప్పుడు సంజయుడు మొదటినుంచీ చెబుతాడు. భగవద్గీత అంతా ఆ చెప్పడంలో భాగమే. అంటే భీష్ముడి పతనం తెలిశాకే మనం గీత వింటున్నాం. ద్రోణుడి విషయంలోనూ కర్ణుడి విషయంలోనూ అంతే, ముందు చావు కబురు, తర్వాత వివరం. వినేవాడికి ముగింపు తెలియడం వల్ల ఏ నష్టమూ లేదు. తెలిశాకే అసలు ప్రశ్నలు అడగగలుగుతాడు.

అయితే అన్ని కథలూ భారతాలు కావు. 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ తీసిన బ్యోమ్‌కేశ్ బక్షీ వచ్చింది. రజిత్ కపూర్ అందులో కథానాయకుడు. ఆ భాగాలు చూడనివాడికి హంతకుడి పేరు చెప్పేస్తే, మామిడిపండు తిని టెంక చేతిలో పెట్టినట్టే. అక్కడ ముడి దాకా చెప్పి ఆగాలి. ముడి విప్పడం ఆ కథకుడి సొత్తు, మనది కాదు. ఇందులో నాకు పెద్ద సందేహం లేదు గనక దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

రోజువారీ సీరియళ్ల సంగతి వేరు. వాటిలో కొన్ని భాగాలకు "ఇవాళ ఏమీ జరగలేదు" అన్నదే సరైన సారాంశం. అత్త గుమ్మంలో నిలబడింది, కోడలు కాఫీ కప్పుతో ఆగింది, ముగ్గురి ముఖాలు మూడేసి సార్లు చూపించారు, వాద్యాలు మోగాయి, ప్రకటనలు వచ్చాయి. దీన్ని ఎవరైనా రెండు పేజీలు రాస్తే వాళ్ల ఓపికకు నమస్కారం.

ఇంకో రకం ఉంది. చెప్పడం కన్నా తీర్పు ఎక్కువగా ఉండేది. 1984, 85లలో వచ్చిన 'హమ్ లోగ్' గుర్తున్నవాళ్లకు, ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ వచ్చి ఆ రోజు కథ గురించి మాట్లాడటం గుర్తుండే ఉంటుంది. పెద్దాయన, మాట తీరు బాగుండేది, కాదనను. కానీ ఎవరిది తప్పో ఎవరిది ఒప్పో నేను తేల్చుకునేలోపే ఆయన వచ్చేసేవాడు. మనం కథ చెప్పేటప్పుడు కూడా ఎవరికీ తెలియకుండా అదే చేస్తాం. "ఆ దుర్మార్గురాలు ఇవాళ ఏం చేసిందో తెలుసా" అని మొదలుపెడితే ఇక వినేవాళ్లకు ఆలోచించుకోవడానికి ఏం మిగిలింది? నాలుగు వాక్యాల్లో చెప్పాలంటే మనిషికి ఒక్క విశేషణమే వస్తుంది. ఆ ఒక్క విశేషణమే తీర్పు.

ఇది నాకు టీవీ దగ్గర కాక ఆఫీసులో బాగా బోధపడింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక చిన్న ఊరి శాఖలో అప్పుల విభాగం చూస్తుండగా ఒకామె రెండో పాడి ఆవుకు అప్పు అడిగింది. ప్రొపోజలు పైఆఫీసుకు పంపాలి. గత అప్పు ఎలా కట్టిందన్న దానికి ఫారంలో వేలెడంత గడి. "రెండు కంతులు ఆలస్యం" అని రాశాను. లెడ్జరు చూసి రాసిందే, అక్షరం తప్పు లేదు. ఆ రెండు నెలల్లో ఆమె భర్త పోయాడనీ, మూడో నెల మూడు కంతులూ కలిపి తెచ్చి కట్టిందనీ నాకు తెలుసు. ఆ రోజు కౌంటర్లో డబ్బు లెక్కపెట్టింది నేనే. గడిలో చోటు లేదని రాయలేదు. కింద అంటించడానికి ఒక చీటీ దొరక్క కాదు, తోచలేదు, అంతే. అప్పు తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. పైవాళ్లను ఏమనను? వాళ్ల చేతికి వెళ్లిన కథలో ఆమె ఎగవేతదారు. ఆ కథ రాసింది నేను. ఆమె మళ్లీ మా శాఖకు రాలేదు.

ధర్మరాజు ఏనుగు మాటను గొంతు తగ్గించి అన్నాడని మనందరికీ తెలుసు. అశ్వత్థామ చనిపోయాడన్నది గట్టిగా, ఏనుగన్నది మెల్లగా. అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన అతని రథం ఆ పూట నేల తాకిందంటాడు వ్యాసుడు. నా గడిలో ఏనుగుకు చోటు లేదు. ధర్మరాజుకు యుద్ధం గెలవాలన్న అవసరమైనా ఉంది, నాకు అదీ లేదు. నేలమీద నడిచేవాణ్ణి గనక రథం దిగినట్టు ఎవరికీ తెలియలేదు.

అప్పటినుంచీ కథ చెప్పేటప్పుడు నాకొక పట్టింపు వచ్చింది. ఎవరు ఏం చేశారో చెప్పినప్పుడు, ఏ సంగతి తెలిస్తే వాళ్ల మీద మన అభిప్రాయం మారుతుందో ఆ సంగతి వదలకూడదు. బట్టలు, నగలు, ఇల్లు, పాటలు, ఎవరు ఏ కారులో వచ్చారు, ఇవన్నీ వదలొచ్చు. యుద్ధం ఎన్నో రోజన్నది కూడా వదలొచ్చు. కోడలు పాలలో ఏదో కలిపిందని చెప్పేవాడు, అంతకు ముందు నెలలో ఆమె బిడ్డను ఎవరు దాచేశారో కూడా చెప్పి తీరాలి. అందుకు మరో నాలుగు వాక్యాలు పడితే పట్టనీ. మా ఇంట్లో దీన్ని చాదస్తమంటారు. నేను సీరియలు కథ మొదలుపెడితే మా అమ్మాయి గడియారం చూస్తుంది.

రామాయణం కూడా మొదట సారాంశంగానే పుట్టింది. నారదుడు వాల్మీకికి చెప్పినది మొదటి సర్గలో నూరు శ్లోకాలకు మించదు. సంక్షేప రామాయణమని దాన్ని విడిగా పారాయణ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జరిగినదంతా అందులో ఉంది. వనవాసం, సీతాపహరణం, వారధి, రావణవధ, పట్టాభిషేకం, ఏదీ పోలేదు. మరి ఇరవై నాలుగు వేల శ్లోకాలు ఎందుకు కావలసి వచ్చింది? నారదుడి దగ్గర కథ విన్నాక వాల్మీకి తమసా తీరానికి వెళ్లాడు. జంటలో ఒక పిట్టను బోయవాడు కొట్టడం, రెండోది ఏడవడం చూశాడు. పెద్ద కావ్యం ఆ తర్వాతే. కథ ఆయనకు ముందే తెలుసు. పిట్ట ఏడుపు విన్నాక వచ్చిందే తక్కినదంతా అని నాకనిపిస్తుంది. పండితులు మరోలా చెబుతారేమో, నేను జమాఖర్చుల మనిషిని.

ఇన్ని చెప్పినవాణ్ణి, మొన్నమొన్న మళ్లీ తప్పాను. ఈసారి వదిలేయడం కాదు, కల్పించడం.

మా అమ్మ గుండె జబ్బుతో బెంగుళూరులో ఒక ఆస్పత్రిలో పదహారు రోజులుంది. రోజూ రాత్రి తెలుగు చానల్లో ఆమె చూసే సీరియలు ఒకటుంది. పేరెందుకు, అలాంటివే అన్నీ. రాత్రి నేను చూడాలి, పొద్దున వెళ్లి చెప్పాలి. ఆరో రోజున ఆ సీరియల్లో ఇంటి పెద్దాయన చనిపోయాడు. గుండెపోటే. మా నాన్న కూడా అలాగే పోయాడు. మర్నాడు నేను మంచం పక్కన కూర్చుని ఆయన మాట దాటేశాను. ఆ తర్వాతి రోజు "ఆయన ఏమన్నాడు?" అని అమ్మ అడిగింది. పెద్ద కొడుకును మందలించాడన్నాను. అలా మొదలై, చచ్చిపోయిన మనిషిని రోజూ కొంచెం కొంచెంగా నేను బతికిస్తూ వచ్చాను. ఒకరోజు పెరట్లో మొక్కలకు నీళ్లు పోశాడన్నాను. ఒకరోజు మనవడికి లెక్కలు చెప్పాడన్నాను. సీరియలు రాసేవాళ్లకన్నా నా భాగాలే నయమని, నిజం చెప్పొద్దూ, లోపల కొంత గర్వం కూడా కలిగింది.

డాక్టరు ఆందోళన కలిగించే విషయాలు చెప్పొద్దన్నాడు. అది నా సాకు. అదొక్కటే కారణమైతే సీరియలు చూడలేదని చెప్పి ఊరుకోవచ్చు. ఆ చావు అమ్మకు చెప్పాలంటే నా నోటితో చెప్పాలి. అది నావల్ల కాలేదు. ఆమె గుండె కోసమని నేననుకున్నది నా గుండె కోసమే.

ఇంటికి వచ్చిన మూడో రోజు రాత్రి అమ్మ టీవీ ముందు కూర్చుంది. సీరియల్లో ఆ ఇంటి హాలు చూపించారు. గోడ మీద పెద్దాయన ఫోటో, దానికి దండ, ముందు దీపం. నేను చూస్తున్నానని అమ్మకు తెలుసు. ప్రకటనలు వచ్చేదాకా ఏమీ అనలేదు.

"నువ్వు చెప్పినప్పుడు మొన్న కూడా మొక్కలకు నీళ్లు పోసినాడు కదరా" అంది.

నేను మాట్లాడలేదు. కోప్పడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. రెండూ చేయలేదు. రిమోటు తీసి చప్పుడు తగ్గించింది.

"ఎట్ల పోయినాడు? పక్కన ఎవరున్న్యారు? నీళ్లడిగినాడా?"

ఆ రోజు భాగం నేను జాగ్రత్తగానే చూసి ఉన్నాను. కుర్చీ జరుపుకుని మొదటినుంచీ చెప్పాను. ఆయన పొద్దున్నే లేవడం, చొక్కా గుండీ తప్పు పెట్టుకోవడం, చిన్న కోడలు చూసి సరిచేయబోతే వద్దనడం, మెట్ల దగ్గర కూర్చోవడం, ఎవరు ముందు చూశారు, ఎవరు పరుగెత్తుకొచ్చారు, నీళ్లు తెచ్చేసరికి ఏమైంది. అమ్మ మధ్యమధ్య ఆపి అడుగుతోంది. ఆమె అడిగేవి కొన్ని ఆ పెద్దాయన గురించి కావు, మా నాన్న గురించి. మా నాన్న పోయిన రోజు ఆమె పెద్దక్క ఊరికి వెళ్లి ఉంది. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. ఇన్నేళ్లలో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అవి కూడా చెప్పాను. సీరియల్లో ఆ భాగం ఇరవై నిమిషాలు. మేము లేచేసరికి పదకొండున్నర అయింది.